బొట్టు లేని పెట్టె

"సాయంత్రం ఐదింటి దాకా ఆగుతానండి రాజ్యం గారూ. ఆ తర్వాత పోలీసులకి ఫోన్ చెయ్యక తప్పదు," అన్నాడు శ్రీపతి, తాళాల గుత్తి వేలికి గలగలా తిప్పుకుంటూ. "సంఘం ప్రెసిడెంట్‌ని. రేపు అందరూ నన్నే అడుగుతారు కదా. ఇప్పుడు నాకొక ఫ్లాట్ ఇన్‌స్పెక్షన్ ఉంది. అది చూసుకుని వచ్చేస్తా."

పోతూ పోతూ, గరాజ్ మూలన స్టూలు మీద కూర్చున్న సాయి తేజ భుజం ఆప్యాయంగా తట్టాడు. మేకు మీద సుత్తి పడ్డట్టు సాయి తేజ ఇంకో అంగుళం కిందికి దిగిపోయాడు.

అతని భయం జైలు గురించి కాదు. చదువుకోడానికని ఆక్లాండ్‌కి గంటన్నర దూరంలో ఉన్న ఈ హామిల్టన్ వచ్చి, పెట్రోల్ బంకులో రాత్రిళ్ళు మెలకువగా ఉండి ఉండి, కన్ను మూసుకోవడమే మర్చిపోయిన మనిషి. ఇప్పుడొక మంచి ఉద్యోగం దొరికి, ఇక్కడే స్థిరపడే రెసిడెన్సీకి అప్లై చేశాడు. ఆ అప్లికేషన్ ఆఖరి మెట్టు మీద ఉంది. దొంగతనం కేసని ఒక్క ముక్క పడిందంటే, ఆ మెట్టు మీంచి సరాసరి కరీంనగర్లో పడతాడు.

రాజ్యం ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకుండా ఊరుకుంటేనే ఎదుటివాళ్ళకి చెమటలు పట్టేవి. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున దొంగ క్లెయిములు పట్టి పట్టి, యాభై దాటాక లైసెన్సు తీసుకుని సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. ఒకసారి తను ఉండే బోటనీ డౌన్స్ షాపింగ్ సెంటర్‌లో ఎస్కలేటర్ మీద పైకి పోతూ, కింద కర్ర పట్టుకుని కుంటుతున్న పెద్దమనిషి చెప్పులు రెండూ సమానంగా అరిగాయని చూసి, పై అంతస్తు చేరేలోపలే అతని క్లెయిము కొట్టేయించిందట. ఆ పెద్దమనిషి కర్ర పారేసి లేడిపిల్లలా పరిగెత్తాడని, ఆ కర్ర ఇప్పటికీ సెక్యూరిటీ వాళ్ళ గదిలో ఉందని అక్కడి తెలుగువాళ్ళు దేవుడి మీద ఒట్టేసి మరీ చెప్తారు.

గరాజ్‌లో చెక్క అలమర మీద తొమ్మిది బూడిదరంగు అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి. ఈ ఇల్లు మంగతాయారుది. ఆవిడ పెట్టిన 'తెలుగు తోడు' సంఘం ఇరవై ఏళ్ళ బతుకంతా ఆ తొమ్మిది పెట్టెల్లో ఉంది. ఊరేగింపుల్లో పట్టుకున్న బట్ట బ్యానర్లు, చేత్తో వేసిన పోస్టర్లు, ఫొటోలు, క్యాసెట్లు. రేపు లైబ్రరీ వ్యాన్ వచ్చి వీటిని శాశ్వతంగా దాచడానికి తీసుకుపోతుంది. పెట్టెలు సర్దే పని సాయి తేజది, అందుకే ఒక తాళంచెవి అతని దగ్గరుంది. ఇవాళ పొద్దున చూస్తే నాలుగో పెట్టెలో క్యాసెట్లు లేవు.

"మొదట్నుంచి చెప్పు నాయనా. తొందరేం లేదు," అంది రాజ్యం, ఐదు దాటితే ఏమవుతుందో తనకి తెలియనట్టు.

"పొద్దుగాల వచ్చిన ఆంటీ. పెట్టెల మీద లేబుల్స్ అంటించే పనుండె. నాలుగోది లేపంగనే తేడా కొట్టింది. క్యాసెట్ల పెట్టె కదిలిస్తే గలగలమంటది. ఇదేమో పిండిమూట లెక్క గమ్మునున్నది. మూత తీస్తే అన్నీ పాత సూపర్ మార్కెట్ కాగితాలు."

"అప్పుడు?"

"మంగ ఆంటీకి చెప్పిన. ఆంటీ మీకు, శ్రీపతి అంకుల్‌కి ఫోన్ చేసింది. అంకుల్ వచ్చుడు వచ్చుడే, తాళంచెవి నీ దగ్గరనే ఉంటది గదా అన్నడు. నేను పెట్టె తియ్యలే ఆంటీ. ఎవరి మీద ఒట్టు పెట్టమంటే వాళ్ళ మీద పెడ్త."

"ఒట్టులెందుకులే. దొంగతనం చేసినవాడు తనే పోయి చాటింపు వేసుకుంటాడా?"

"వేసుకుంటాడు మేడమ్."

గరాజ్ గుమ్మంలో ముందు ఒక మీసం కనపడింది. కాసేపటికి దాని వెనకాల మనిషి కూడా వచ్చాడు. ఉదయభాస్కర్. హాబ్సన్‌విల్‌లో ఇతనిదీ డిటెక్టివ్ ఆఫీసే. రాజ్యం పట్టిన కేసులు తన వెబ్‌సైట్‌లో తనవిగా రాసుకునేంత ధైర్యస్తుడు. శ్రీపతి పిలిపిస్తే వచ్చాడు. చేతులకి నీలం గ్లవ్స్, తెల్ల ఫుల్‌హ్యాండ్ చొక్కా, ముఖం మీద మూడు కేసులు గెలిచినంత నవ్వు.

"ముందు తనే అరిస్తే ఎవరూ అనుమానించరని అరుస్తాడు. పోలీసు ట్రైనింగ్‌లో మొదటి పాఠం ఇదే."

"మీరు పోలీసు ట్రైనింగ్ అయ్యారా?"

"మా మేనమామ అయ్యాడు."

"ఆయన్ని పంపించకపోయారా మరి," అంది రాజ్యం.

ఉదయభాస్కర్ వినపడనట్టు ఫోన్ తీసి, రికార్డింగ్ పెట్టి సాయి తేజ మూతి దగ్గర పెట్టాడు. "తమ్ముడూ, తాళం విరగలేదు. ఉన్నవి రెండే తాళంచెవులు. ఒకటి ఆంటీది, ఒకటి నీది. ఆంటీ తన పెట్టె తనే ఎత్తుకుపోదు కదా. క్యాసెట్లు నా వల్లే పాడయ్యాయి, భయమేసి పారేశాను అని ఒక్క మాట అను. శ్రీపతి గారు పోలీసుల దాకా పోనివ్వనని మాటిచ్చారు. నీ రెసిడెన్సీ నీకొస్తుంది. అందరం ఇంటికెళ్ళి అన్నం తింటాం."

సాయి తేజ పెదాలు కదిలాయి. అతని కళ్ళు ఫోన్ మీద, గోడ గడియారం మీద, మళ్ళీ ఫోన్ మీద. అనేసేలాగే ఉన్నాడు.

రాజ్యం చెయ్యి చాపి ఆ ఫోన్ అందుకుని అలమర మీద బోర్లా పెట్టింది. "చెయ్యని పని ఒప్పుకున్నవాడికి రెసిడెన్సీ ఇచ్చే దేశం ఇంకా పుట్టలేదు నాయనా. నోరు కట్టేసుకుని కూర్చో." ఉదయభాస్కర్ వైపు తిరిగింది. "మీరెన్నింటికొచ్చారు?"

"పొద్దున్నే. ఫోన్ రాగానే."

"శ్రీపతి అంకుల్ వచ్చిన అర్ధగంటలనే వచ్చిండు ఆంటీ," అన్నాడు సాయి తేజ.

"నేను బోటనీ నుంచి కారు తొక్కుకుంటూ వస్తే గంటన్నర పట్టింది. మీ హాబ్సన్‌విల్ ఆక్లాండ్‌కి ఇంకా అవతల."

"రోడ్డు ఖాళీగా ఉంది. నా కారు కూడా అలాంటిది."

"ఎంత మంచి కారైనా రోడ్డు మీదే పోవాలి కదండీ."

మీసం ఒక పక్కకి ఒరిగింది. "మేడమ్, నేనెప్పుడొచ్చానో కాదు, ఎట్లా పని చేస్తానో చూడండి. వచ్చిందగ్గర్నుంచి ఆ పెట్టెల్లో ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు. ముట్టుకున్నా గ్లవ్స్‌తోనే. మీలాగా వట్టి చేతుల్తో పిసికే రకం కాదు."

"నిన్నగానీ మొన్నగానీ ఈ గరాజ్‌లోకి వచ్చారా?"

"జన్మలో రాలేదు."

"ఒక్క పెట్టె కూడా ఎత్తలేదు."

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"మళ్ళీ అడగను లెండి. మరి ఆ మణికట్టు దగ్గర రక్తమేంటి?"

చొక్కా కఫ్ అంచున ఎర్రటి మరక, రూపాయి బిళ్ళంత. ఉదయభాస్కర్ దాన్ని రెండో చేత్తో కప్పుకున్నాడు. "గేటు పక్కన ఆంటీ గారి గులాబీ చెట్టు. ముల్లు గీసుకుంది."

రాజ్యం తల ఊపింది. అంత మరక చేసిన ముల్లు బట్టకి చిన్న చిరుగైనా పెట్టలేదు. మర్యాదస్తురాలైన ముల్లు అయ్యుండాలి. ఆ మాట పైకి అనకుండా వంటింటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

మంగతాయారు పొయ్యి దగ్గర నిలబడి, వెలిగించని పొయ్యి మీద ఖాళీ గిన్నె కలుపుతోంది. డెబ్భై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసు మెట్ల మీద బ్యానర్ పట్టుకుని నిలబడితే, లోపలి ఆఫీసర్లు లంచ్‌కి పోవడానికి కిటికీలు వెతుక్కునేవారట.

"అక్కయ్య గారూ, ఆ నాలుగో పెట్టెలో ఏముంది? నాకు నిజం కావాలి."

"కుసుమ," అంది మంగతాయారు.

తర్వాత గిన్నె దించి చెప్పింది. పదేళ్ళ కిందట ఇదే ఊళ్ళో ఒక ఇంట్లో ఎవరో తన పేరు బయటపడకుండా ఆడపిల్లల్ని గదికి నలుగురు చొప్పున కుక్కి అద్దెకిచ్చారు. ఒకరోజు వంటగదిలో మంటలు లేచాయి. ముగ్గురు కిటికీలోంచి దూకారు. కుసుమ వెనక గదిలో ఉండిపోయి, కాలిపోయింది. తలుపు బిగుసుకుపోయిందని పోలీసులు తేల్చారు. మిగతా ముగ్గురూ మాత్రం తలుపు బిగుసుకోలేదని, బయట గడియ పెట్టి ఉందని ఏడ్చారు. ఆ మాట గట్టిగా అంటే వీసాలు పోతాయని ఎవరో బెదిరించారు.

"అందుకని వాళ్ళని ఇక్కడికి పిలిచాను. టేప్ రికార్డర్ నొక్కి, బల్ల మీద పెట్టి, నేను టీ పెట్టడానికి లేచి వచ్చేశాను. ఎప్పుడూ అంతే చేసేదాన్ని రాజ్యం. నేను ఎదురుగా కూర్చుంటే నాకోసం మాట్లాడతారు. నేను లేకపోతే వాళ్ళలో వాళ్ళు నిజం మాట్లాడుకుంటారు. పదేళ్ళు ఆ టేపు ఎవరూ వినరు, నేను కూడా వినను అని చేతిలో చెయ్యి వేసి చెప్పాను. వాళ్ళందరూ ఎక్కడో ఒకచోట సెటిల్ అవ్వాలని. ఈ డిసెంబరుకి పదేళ్ళు."

"ఆ రోజు ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరున్నారు? పాపం శ్రీపతి పిల్లలకి సమోసాలు పట్టుకొచ్చాడు. అప్పటికి ప్రెసిడెంట్ కాదులే."

రాజ్యం కిటికీలోంచి పెరట్లోకి చూసింది. నిమ్మచెట్టు ఆకు కనపడకుండా కాసి ఉంది. "తాళంచెవులు రెండేనా?"

"రెండే. నిన్న దసరా కదా, పూజకి అందరూ వచ్చారు. అయ్యాక కుర్చీలు గరాజ్‌లో సర్దుతానని నా తాళంచెవి శ్రీపతే తీసుకున్నాడు. పొద్దున తెచ్చిచ్చాడు."

"ఆ మాట ఉదయభాస్కర్‌కి చెప్పారా?"

"అతను నన్నేమీ అడగలేదు. మీరు రెస్ట్ తీసుకోండి ఆంటీ అన్నాడు."

"తాళం శ్రీపతి దగ్గరుంటే, ఆ తర్వాత మీరు గరాజ్‌లోకి వెళ్ళలేదన్నమాట."

మంగతాయారు గిన్నె మళ్ళీ అందుకుంది. రాజ్యం గిన్నె లాగేసుకుంది.

"అక్కయ్య గారూ."

"లైబ్రరీ వాళ్ళతో చెప్పకు," అంది మంగతాయారు, చిన్నపిల్లలా గొంతు తగ్గించి. "కర్పూరం వద్దన్నారు, అగరొత్తులు వద్దన్నారు, పెట్టెల మీద బొట్టు అసలే వద్దన్నారు. కాగితం పాడవుతుందట. సరేనన్నాను. కానీ దసరా పూట కారుకి బొట్టు పెట్టి, కత్తిపీటకి పెట్టి, చివరికి లాన్ మోయర్‌కి కూడా పెట్టి, ఇరవై ఏళ్ళ కష్టానికి పెట్టకుండా ఎట్లా ఉండను? అందరూ పోయాక ఈ వంటింటి తలుపులోంచే వెళ్ళాను. కుంకుమైతే అట్టలోకి దిగుతుందని పసుపొక్కటే తడిపి, పెట్టెల కింద రాశాను. అడుగున. లైబ్రరీ వాళ్ళకి కనపడదు, అమ్మవారికి కనపడుతుంది."

"తొమ్మిదింటికీ?"

"తొమ్మిదింటికీ. నిండుగా. పాత ఒంగోలు పసుపు."

రాజ్యం లేచింది. "ఒక పని చెయ్యండి. పెరట్లో నాలుగు నిమ్మకాయలు కోసి, అందరికీ నిమ్మరసం కలపండి. నీళ్ళు తగ్గించి, రసం దండిగా. ముఖ్యంగా మీసాలాయనకి."

గరాజ్‌లోకి వెళ్ళి, ఒక్క మాట మాట్లాడకుండా మొదటి పెట్టె ఎత్తి తిరగేసింది. అడుగున ఎండిన పసుపు బొట్టు, దోసెడంత. రెండోది. పసుపు. మూడోది. పసుపు. నాలుగో పెట్టె రెండు చేతుల్తో ఎత్తి తిరగేసింది.

అడుగు మచ్చ లేకుండా, కొత్తగా ఉంది.

"చూశావా నాయనా? లోపలి సరుకే కాదు, పెట్టె కూడా మారిపోయింది. ఎవరో ఇలాంటి పెట్టే ఒకటి కొనుక్కొచ్చి, లోపల కాగితాలు కుక్కి ఇక్కడ పెట్టి, అసలుది ఎత్తుకుపోయారు. లైబ్రరీలో పురుగు చావడానికని పెట్టెల్ని వారాల తరబడి ఫ్రీజర్‌లో పెడతారు. ఇవాళ నువ్వు మూత తియ్యకపోతే ఎవరూ చూసేవాళ్ళు కాదు."

"అయితే ఏమైంది?" అన్నాడు ఉదయభాస్కర్. "ఇతనే మార్చుండొచ్చు."

"మార్చుండొచ్చు. కానీ మార్చినవాడు పసుపు ఇంకా తడిగా ఉన్నప్పుడు పెట్టె కింద చెయ్యి వేసి ఎత్తి ఉంటాడు."

మంగతాయారు పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని వచ్చింది. రాజ్యం ఒక గ్లాసు తీసుకుని ఎంతో మర్యాదగా ఉదయభాస్కర్‌కి అందించబోయింది. కాలు దేనికో తట్టుకుంది. అక్కడ తట్టుకోవడానికి ఏమీ లేకపోయినా తట్టుకుంది. సగం గ్లాసు అతని కఫ్ మీద ఒలికింది.

"అయ్యో, చూసుకోలేదండీ. పెద్దదాన్నయిపోయాను."

అందరూ ఆ మణికట్టునే చూస్తున్నారు. రక్తంలా ఉన్న ఎరుపు అంచుల దగ్గర పలచబడింది, నారింజరంగుకి తిరిగింది, ఇంకో రెండు క్షణాలకి పెళ్ళికూతురి పాదమంత పచ్చగా అయిపోయింది.

"ఇది ఎక్కడైనా ఉందా, పులుపు పోస్తే పచ్చబడే రక్తం?" అంది రాజ్యం. గొంతులో నవ్వు పోయింది. "పసుపు మరక మీద సబ్బు రాస్తే ఎర్రబడుతుంది. దిష్టినీళ్ళు కలిపే ఏ ఆడపిల్లని అడిగినా చెప్తుంది. మీరు రాత్రి ఏ మోటెల్‌లోనో దిగి, పసుపు మరక చూసి సబ్బుతో రుద్దారు. ఎర్రగా అయ్యేసరికి కంగారుపడి ముల్లు కథ అల్లారు. జన్మలో మీ చొక్కా మీరు ఉతుక్కున్నారా?"

"మా ఆవిడ..." అని ఆగిపోయాడు ఉదయభాస్కర్.

"హాబ్సన్‌విల్ నుంచి అర్ధగంటలో రాలేదు మీరు. నిన్నటి నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నారు. పెట్టె ముట్టుకోలేదని మీరన్న మాట, బోర్లా పెట్టిన మీ ఫోన్‌లోనే రికార్డయి ఉంది. నేను ఆపలేదు, మీరూ ఆపలేదు. లైసెన్సు ఉంచుకోవాలనుందా?"

మీసం అప్పటికప్పుడు సగానికి సగం చిన్నదైపోయింది. సాయి తేజ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. అతను అంత పొడుగని పొద్దున్నుంచీ ఎవరికీ తెలియలేదు.

"లోపల ఏముందో నాకు తెలియదు మేడమ్," అన్నాడు ఉదయభాస్కర్. "పెట్టె మార్చమన్నారు. మార్చాను. ఇతను పొద్దున్నే మూత తీసేసరికి, ఇతని చేతనే ఒప్పించమన్నారు."

"ఎవరు?"

"తాళంచెవి ఇచ్చినాయన."

మంగతాయారు పళ్ళెం స్టూలు మీద పెట్టేసింది. "శ్రీపతా?"

"పెట్టె ఎక్కడుంది?" అంది రాజ్యం.

"తెల్లారకముందే ఆయనకి ఇచ్చేశా. వెతుక్కుని వెతుక్కుని నా మీదే కేకలేశాడు. ఆయనకి కావలసిన క్యాసెట్ ఒక్కటీ అందులో లేదట."

ఈసారి వెలవెలబోయింది సాయి తేజ.

"ఆంటీ. అది నా దగ్గరున్నది." "పెట్టె తియ్యలే అన్నది నిజమే. కానీ ఆ ఒక్క టేపు బూజు పట్టి అంటుకపోతున్నది. లైబ్రరీకి పోయేలోపల ఖరాబైతదని కాపీ చేద్దామని మొన్న ఫ్లాట్‌కి తీస్కపోయిన. రూల్ కాదు గదా, ఎవరికి చెప్పలే. మా ఫ్లాట్‌మేట్ స్పందన కాపీ చేస్తున్నది. ఇయ్యాల ఇంట్లనే ఉన్నది."

రాజ్యం చాలా నెమ్మదిగా అడిగింది. "మీ ఫ్లాట్ ఓనరెవరు?"

జవాబు నోటి నుంచి రాకముందే అతని కళ్ళలోకి వచ్చేసింది. "శ్రీపతి అంకుల్. వచ్చే వారం ఉండె ఇన్‌స్పెక్షన్. పొద్దున మెసేజ్ పెట్టిండు, ఇయ్యాలనే వస్త అని."

సాయి తేజ తన ఫోన్‌లో స్పందన నంబర్ నొక్కి స్పీకర్ పెట్టాడు. మోగింది. మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోతుందనుకున్నప్పుడు స్పందన గొంతు వచ్చింది, గుసగుసగా.

"తేజా, నీకే చేద్దామనుకుంటున్న. ఓనర్ అంకుల్ వచ్చిండు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా రూమ్‌ల ఉన్న, చూడలే. నీ రూమ్‌ల అన్నీ గుంజి పారేస్తున్న చప్పుడైంది. తేజా, ఈ టేపుల ముగ్గురు అమ్మాయిలు ఏడుస్తున్నరు. మధ్యల ఎవరో మగాయన లోపలికొచ్చిండు. రికార్డర్ నడుస్తున్నదని వానికి తెల్వదు. గడియ నేనే పెట్టిన, ఎవరికన్న చెప్తే మీకూ అదే గతి అంటున్నడు." ఊపిరి పీల్చుకుంది. "ఆ గొంతు నాకెరుకే. ప్రతి ఇన్‌స్పెక్షన్‌కి వింట."

మంగతాయారు వంటింటి వైపు చూసింది. తను అక్కడ టీ కాచిన ఆ కాసేపట్లోనే వచ్చాడు, సమోసాలు పట్టుకుని.

"అమ్మా స్పందనా, నా పేరు రాజ్యం," అంది రాజ్యం. "టేపు జేబులో వేసుకో. కిటికీలోంచి దూకగలవా?"

"రెండో ఫ్లోర్ ఆంటీ. ఆగుండ్రి, చప్పుడు ఆగింది. పోయినట్టున్నడు. తలుపు తీస్త."

"తియ్యకు."

హ్యాండిల్ తిప్పిన చప్పుడు. ఇంకోసారి. గట్టిగా ఇంకోసారి.

"ఆంటీ, తలుపు వస్తలేదు."

సాయి తేజ తన ఫోన్ రాజ్యం చేతిలో పెట్టి, మంగతాయారు ఫోన్ అందుకున్నాడు. పొద్దున్నుంచీ ఏ పేరు వింటే స్టూలు మీద ముడుచుకుపోయాడో ఆ పోలీసులకి తనే ఫోన్ చేశాడు. "నా పేరు సాయి తేజ," అని, స్పెల్లింగ్‌తో సహా చెప్పడం మొదలుపెట్టాడు.

రాజ్యం కారు వైపు పరిగెడుతూనే చెవి దగ్గర ఫోన్ పెట్టుకుంది. స్పందన ఇంకేమీ మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దంలో, తలుపుకి అవతల నుంచి, తాళాల గుత్తి ఎవరి వేలికో తీరిగ్గా తిరుగుతున్న గలగల వినిపిస్తోంది.